నాగా పెట్టినోడిదే తప్పా? మన బొగ్గుబాయిల పాత పంచాయితీ

ఈ రోజు టాపిక్ పనిచేసే చోట వేధింపులు, దాంతో వచ్చే అలసట. బుల్లీయింగ్, బర్నౌట్ అనే మాటలు వినగానే మనకు గచ్చిబౌలి, ఏసీ ఆఫీసు, ల్యాప్‌టాప్ గుర్తొస్తాయి. నేను మాత్రం మిమ్మల్ని మా మంచిర్యాల వైపు తీసుకుపోతా. ఇంకా కరెక్ట్‌గా చెప్పాలంటే శ్రీరాంపూర్, రామకృష్ణాపూర్, మందమర్రి, బెల్లంపల్లి. ఆ ఊర్లు కాదు, ఆ ఊర్ల కింద భూమి లోపలికి.

ఎందుకంటే అసలు ప్రశ్న ఇది. ఒక మనిషి పనికి రావడం మానేశాడు. వచ్చినా మొఖంలో జీవం లేదు. అది ఆ మనిషి గుణమా, లేక ఆ పని ఆ మనిషిని చేసిన తీరా? హెచ్ఆర్ అనే డిపార్ట్‌మెంట్ మన దగ్గర పుట్టకముందు నుంచే ఈ పంచాయితీ సింగరేణిలో నడుస్తోంది. అక్కడ దీనికి ఒక మాట ఉంది. నాగా.

కోల్‌బెల్ట్‌లో పెరిగినవాళ్లకు చెప్పనక్కర్లేదు. పనికి పోతే "మస్టర్ పడ్డది" అంటారు. పోకపోతే "నాగా పెట్టిండు" అంటారు. మా కాలనీలో ఒక ఇంటి గురించి మాట్లాడితే, ఆ ఇంటాయన మస్టర్లు ఎన్ని అన్నది కూడా మాటల్లో వచ్చేది. మనం క్రెడిట్ స్కోర్ చూసినట్టు. పెళ్లి సంబంధాల దాకా పోయేది ఆ లెక్క.

చరిత్ర కొంచెం ఫాస్ట్‌గా చెప్పేస్తా. 1871లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఇల్లెందు దగ్గర బొగ్గు ఉందని గుర్తించాడు. 1886లో ఇంగ్లండ్‌లో పెట్టిన హైదరాబాద్ దక్కన్ కంపెనీకి తవ్వే హక్కులు దొరికాయి. 1889లో తవ్వకం మొదలైంది. 1920లో సింగరేణి కాలరీస్ అనే పేరు వచ్చింది. మన వైపు బెల్లంపల్లి బాయిలు 1920ల చివర్లో మొదలయ్యాయి. తర్వాత మందమర్రిలో కల్యాణి ఖని, ఇటు రామకృష్ణాపూర్, శ్రీరాంపూర్‌లలో రవీంద్ర ఖని, బెల్లంపల్లి వైపు శాంతి ఖని. కేకే-5, ఆర్కే-7 అని బోర్డులు చూస్తుంటారు కదా, ఆ కేకే, ఆర్కే ఇవే. ఇంత అందమైన పేర్లు పెట్టిన చోట జనం ఏమని పిలుచుకున్నారంటే, బాయి. అంతే.

ఆ బాయిల్లోకి దిగింది ఎవరు? ఎక్కువమంది కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల నుంచి వచ్చినవాళ్లు. ఊర్లో భూమి లేనివాళ్లు, దొర గడీ ముందు వెట్టి చేసిన కుటుంబాల వాళ్లు. "నీ కాల్మొక్త బాంచెన్" అనే బతుకు నుంచి బయటపడి, నెల జీతం వచ్చే బతుకులోకి వచ్చారు. చిన్న విషయం కాదు అది. కానీ ఒక మాట మాత్రం వాళ్ల వెంటే వచ్చింది. దొర. ఊర్లో భూస్వామి దొర, ఇక్కడ మేనేజర్ బాయి దొర. మనిషి మారాడు, పిలుపు మారలేదు. తండ్రి వయసున్న మనిషిని పాతికేళ్ల ఆఫీసర్ "ఏరా" అంటే అందులో వింత ఏమీ అనిపించని కాలం అది.

ఇక్కడ ఒక తేడా చెప్పాలి. వేధింపు అంటే మనం తిట్లే అనుకుంటాం. తిట్టు పైకి వినపడేది మాత్రమే. అసలు బలం ఎక్కడుంటుందంటే, నీ రోజును ఎవరు పంచుతారో వాళ్ల చేతిలో. బాయిలో అది ఎలా పనిచేసేదో చెప్తా, నాకు ఇందులో ఇదే అన్నిటికన్నా ముఖ్యం అనిపిస్తుంది.

మొదట బదిలీ కార్మికుడి సంగతి. ఈ బదిలీ ట్రాన్స్‌ఫర్ కాదు. పర్మినెంట్ మనిషి రాకపోతే అతని బదులు పనిచేసేవాడు బదిలీ. షిఫ్ట్ టైంకి టిఫిన్ డబ్బా పట్టుకుని బాయి మీద నిలబడాలి. ఇవాళ పని ఉంటే మస్టర్, లేకపోతే ఇంటికి. పారిశ్రామిక వివాదాల చట్టంలో ఒక లెక్క ఉండేది. భూగర్భ గనిలో ఏడాదికి 190 రోజులు, బయట అయితే 240 రోజులు పనిచేస్తే ఏడాది సర్వీసు నిండినట్టు. బదిలీ మనిషి కళ్లు ఎప్పుడూ ఆ 190 మీదే. ఇప్పుడు ఆలోచించండి. ఒక మనిషి 180 మస్టర్ల దగ్గర ఉన్నాడు. మస్టర్ ఇచ్చే మనిషికి ఇతనంటే పడదు. తిట్టాల్సిన పనే లేదు కదా. "ఇవాళ లేదు, పో" అంటే చాలు. ఏ రికార్డులోనూ అది వేధింపుగా పడదు.

రెండోది, పనిచోటు. ఆ రోజుల్లో బొగ్గు పేల్చాక దాన్ని టబ్బుల్లోకి ఎత్తేది మనుషులే. తట్టా, చెమ్మస్. అంటే గంప, పార. ఫిల్లర్లు అంటారు వీళ్లను. ఎన్ని టబ్బులు నింపితే దాన్ని బట్టి డబ్బులు. ఒకచోట పైకప్పు ఎత్తుగా ఉంటుంది, గాలి వస్తుంది, టబ్బు దగ్గర్లో ఉంటుంది. ఇంకోచోట నీళ్లు కారుతుంటాయి, వంగి నడవాలి, గాలి ఆడదు, తట్ట నెత్తిన పెట్టుకుని చాలా దూరం పోవాలి. ఒకే కూలి రేటు, ఒకే షిఫ్ట్. కానీ ఇద్దరి జేబులు, ఇద్దరి నడుములు వేరు. ఎవరిని ఎక్కడికి పంపాలో చెప్పేది సర్దార్, ఓవర్‌మన్. ఆదివారం ప్లేడే ఎవరికి ఇవ్వాలో, దెబ్బ తగిలినవాడికి సర్ఫేస్‌లో తేలిక పని ఇవ్వాలో వద్దో, ఇవన్నీ కూడా అలాంటివే.

సర్దార్లందరూ చెడ్డవాళ్లని నేను అనట్లేదు. నిజానికి అందరికన్నా ఇరుకున పడింది వాళ్లే. గని చట్టాల ప్రకారం పైకప్పు, గ్యాస్, మనుషుల భద్రత వాళ్ల బాధ్యత. పై నుంచేమో ఇన్ని టన్నులు కావాలని ఒత్తిడి. రెండూ ఒకేసారి కుదరవు. కుదరనప్పుడు ఆ కోపం ఎవరి మీద పడుతుంది? కింద ఉన్నవాడి మీద. మన టీమ్ లీడ్ పరిస్థితి కూడా అంతే కదా. క్లయింట్ మేనేజర్‌ని అంటాడు, మేనేజర్ లీడ్‌ని అంటాడు, లీడ్ ఫ్రెషర్ మీద పడతాడు.

నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ చేసినప్పుడు, కంపెనీ పేరు అనవసరం, ఒక మేనేజర్ ఉండేవాడు. జీవితంలో గొంతు పెంచలేదు. నచ్చని మనిషికి ఎవరూ ముట్టని పాత కోడ్ అప్పగించేవాడు. అందులో బగ్ వస్తే పొద్దున స్టాండప్‌లో పదిహేను మంది ముందు మెల్లగా, నవ్వుతూ అడిగేవాడు. మూడు నెలలకు ఆ మనిషి సెలవులు పెట్టడం మొదలయ్యేది. అప్పుడు అప్రైజల్‌లో ఒక లైన్ పడేది: హాజరు సరిగా లేదు, ఓనర్‌షిప్ లేదు. అది చూసినప్పుడు నాకు బాయిలో నీళ్లు కారే చోటే గుర్తొచ్చింది. ముందు చెడ్డ చోటుకి పంపు, తర్వాత నాగాలు లెక్కపెట్టు.

మళ్లీ బాయిలోకే పోదాం. నాగాలు పెరిగాయి. పెరిగితే ఏమన్నారు? తాగుబోతులు. చదువు లేదు. జీతం రాగానే పనికి రారు. పల్లెటూరి అలవాట్లు. అంటే గుణం. ముందు చార్జ్‌షీట్, తర్వాత ఎంక్వైరీ, ఆఖరికి డిస్మిస్. ఇటీవలి కాలంలో అయితే కౌన్సెలింగ్ కూడా వచ్చింది. గైర్హాజరు ఎక్కువ ఉన్నవాళ్లను భార్యాపిల్లలతో సహా పిలిచి, పనికి రావాలని చెప్పి పంపుతారు. శ్రీరాంపూర్, మందమర్రి ఏరియాల నుంచి ఇలాంటి వార్తలు పేపర్లలో చూసే ఉంటారు. డిస్మిస్ కన్నా కౌన్సెలింగ్ వెయ్యిరెట్లు నయం, అందులో డౌట్ లేదు. తాగుడు సమస్య కాదని కూడా నేను అనను, కాలనీల్లో ఎన్ని ఇళ్లు ఆగమయ్యాయో చూసినవాణ్ని. కానీ ఒకటి గమనించండి. కుర్చీలో కూర్చోబెట్టి అడిగేది మనిషినే. ఆ మనిషిని పంపిన పనిచోటుకి కౌన్సెలింగ్ ఉండదు.

సరిగ్గా ఈ ప్రశ్నే బ్రిటన్‌లో ఇద్దరు వేసుకున్నారు. ఎరిక్ ట్రిస్ట్, కెన్ బామ్‌ఫోర్త్. లండన్‌లోని టావిస్టాక్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు. ఇందులో బామ్‌ఫోర్త్ ప్రొఫెసర్ కాదు, ఏళ్ల తరబడి బొగ్గు గనిలో పనిచేసి వచ్చినవాడు. 1951లో వాళ్ల పేపర్ వచ్చింది. వాళ్లు చూసింది ఏంటంటే, పాత పద్ధతిలో ఇద్దరు ముగ్గురు చిన్న జట్టుగా ఒక చోట మొత్తం పని వాళ్లే చేసుకునేవాళ్లు. జట్టులో ఎవరుండాలో వాళ్లే ఎంచుకునేవాళ్లు. ఒకరికి దెబ్బ తగిలితే అతని ఇంటిని మిగతావాళ్లు చూసుకునేవాళ్లు. తర్వాత యంత్రాలతో లాంగ్‌వాల్ పద్ధతి వచ్చింది. పనిని మూడు షిఫ్టులుగా ముక్కలు చేశారు. ఒక షిఫ్ట్ కోయాలి, ఒకటి సర్దాలి, ఒకటి ఎత్తాలి. ముందు షిఫ్ట్ వాళ్లు చెడగొట్టింది వెనక వచ్చిన ఫిల్లర్ నెత్తిన పడేది, అదీ ఒంటరిగా.

ఫలితం? యంత్రం వచ్చినా అనుకున్న ఉత్పత్తి రాలేదు. మంచి చోటు కోసం పైవాళ్లను మంచి చేసుకోవడం మొదలైంది. ఒక షిఫ్ట్ మీద ఇంకో షిఫ్ట్ నెపం వేయడం మొదలైంది. మనుషులకు శరీరంలో కారణం దొరకని జబ్బులు వచ్చాయి. ఇంకా, గైర్హాజరు పెరిగింది. ఆ గైర్హాజరును వాళ్లు బద్ధకం అనలేదు. పని తన నుంచి లాక్కున్నదాన్ని మనిషి తనకు తానే తిరిగి చెల్లించుకుంటున్నాడు అన్నట్టు రాశారు. నాగా అంటే మనిషి తనకు తాను ఇచ్చుకునే పరిహారం అన్నమాట. సింగరేణిలో అప్పటి పని పద్ధతి వేరు, అది వేరే దేశం, నేను రెండింటినీ ఒకటే అనట్లేదు. కానీ గుణం సంగతి తర్వాత, ముందు పనిని ఎలా పంచారో చూడు అనే చూపు ఉంది చూశారా, అది మన బాయిలకూ పనికొస్తుంది.

ఇప్పుడు 1981. ఈ సంవత్సరం గుర్తుపెట్టుకోండి.

అంతకుముందు కొంచెం నేపథ్యం. 1977లో ఎమర్జెన్సీ పోయింది. 1978 సెప్టెంబర్‌లో జగిత్యాల జైత్రయాత్ర జరిగింది, వెట్టికి వ్యతిరేకంగా వేలమంది రైతు కూలీలు. ఆ గాలి పల్లెల్లోనే ఆగదు కదా, బాయిలోకి దిగేది ఆ ఇళ్ల పిల్లలే. బాయిల మీద సమ్మెలు పెరిగాయి. ఆ సమ్మెల తీరు ఏంటంటే, ఒకరిని ఆఫీసర్ నోటికొచ్చినట్టు అన్నాడు, లేదా ఒకరికి మస్టర్ ఇవ్వలేదు, ఆ షిఫ్ట్‌లో మిగతావాళ్లు అక్కడికక్కడే పని ఆపేసేవాళ్లు. నోటీసు లేదు, మీటింగ్ లేదు.

దీన్ని ఆపడానికి మేనేజ్‌మెంట్ తీసిన ఆయుధం 1936 నాటి వేతనాల చెల్లింపు చట్టం. బ్రిటిష్ కాలంది. అందులో ఒక నిబంధన ఉండేది. పదిమంది లేదా అంతకన్నా ఎక్కువమంది కూడబలుక్కుని, ముందుగా నోటీసు లేకుండా, సరైన కారణం లేకుండా పనికి రాకపోతే, ఎనిమిది రోజుల దాకా వేతనం కోయొచ్చు. ఒక రోజు సమ్మెకు ఎనిమిది రోజుల జీతం. ఆ నిబంధనలో పది అనే అంకె చూడండి. ఒక్కడు రాకపోతే ఒక రోజు పోతుంది. ఒకడి కోసం పదిమంది ఆగితే ఎనిమిది రోజులు పోతాయి. అంటే ఆ శిక్ష గైర్హాజరుకు కాదు, పక్కవాడి కోసం నిలబడినందుకు. అవమానం పొద్దున షిఫ్ట్‌లో జరుగుతుంది, దానికి ముందుగా నోటీసు ఎవరు ఇవ్వగలరు?

ఆ కోత మీద 1981లో 56 రోజుల సమ్మె జరిగింది. తట్ట మోస్తే గానీ పూట గడవని ఇళ్లు 56 రోజులు ఉన్నాయి. ఎనిమిది రోజులు పోతాయని 56 రోజులు వదులుకోవడం ఏం లెక్క అని మీకు అనిపించొచ్చు. డబ్బు లెక్క అయితే నిజంగానే తప్పు లెక్క. అది డబ్బు లెక్క కాదు. సింగరేణి కార్మిక సమాఖ్య, అదే సికాస, ఆ రోజుల్లోనే పుట్టి కోల్‌బెల్ట్ అంతా పాకింది. అది పీపుల్స్‌వార్‌కు అనుబంధం, ఆ తర్వాత ఆఫీసర్ల మీద దాడులు జరిగాయి, కాల్పులు, ఎన్‌కౌంటర్లు, నిషేధం, రెండు వైపులా చాలా రక్తం. ఆఫీసర్లు భయపడుతూ డ్యూటీకి వచ్చిన కాలం కూడా ఉంది. భయం అటు నుంచి ఇటు మారితే దాన్ని గౌరవం అనలేం. సికాస కథకు వేరే ఎపిసోడ్ కావాలి, ఇక్కడ సరిపోదు.

చిన్న కాకతాళీయం. అదే 1981లో అమెరికాలో క్రిస్టినా మాస్లాక్, సుసాన్ జాక్సన్ అనే ఇద్దరు సైకాలజిస్టులు బర్నౌట్‌ను కొలిచే ప్రశ్నల పట్టిక ప్రచురించారు. బర్నౌట్ అనే మాటను 1974లో న్యూయార్క్‌లో ఫ్రాయిడెన్‌బర్గర్ అనే సైకాలజిస్టు రాసి పాపులర్ చేశాడు. మాస్లాక్ వాళ్లు దాన్ని మూడు ముక్కలుగా చూశారు. మనసు ఖాళీ అయిపోవడం. ఎదుటి మనిషిని మనిషిలా చూడటం మానేయడం. నేను చేసేదానికి విలువ లేదనిపించడం. మొదట్లో ఇది నర్సులు, టీచర్లు, సోషల్ వర్కర్లు, ఇలా మనుషులతో పనిచేసేవాళ్ల కోసం. బొగ్గు ఎత్తేవాడిని ఆ ప్రశ్నలు అడగాలని అప్పుడెవరికీ తట్టలేదు. అతనికి ఒళ్లునొప్పులు తప్ప మనసు అలసట ఉంటుందని ఎవరనుకున్నారు?

అదే దశకంలో స్వీడన్‌లో హైంజ్ లేమన్ అనే జర్మనీ నుంచి వచ్చిన సైకాలజిస్టు, ఒక ఉద్యోగిని మిగతావాళ్లు కలిసి నెలల తరబడి వేటాడటం మీద పనిచేశాడు. దానికి మాబింగ్ అని పేరు. జంతువుల మీద చేసిన పరిశోధనల నుంచి తెచ్చిన మాట. పగటిపూట బయటికి వచ్చిన గుడ్లగూబను కాకులన్నీ కలిసి తరమడం మన ఊర్లలో చూసే ఉంటారు, అది. లేమన్ ఒక విషయం గట్టిగా చెప్పాడు. బాధితుడిని చూసి "వీడు ముందు నుంచీ ఇలాంటోడే, ఎవరితో కలవడు, అనుమానం ఎక్కువ, ఊరికే ఏడుస్తాడు" అంటారు కదా, ఆ గుణం వేధింపుకు కారణం కాదు, చాలాసార్లు దాని ఫలితం. రెండేళ్లు కాకులు పొడిచాక గుడ్లగూబ ఎలా ఉంటుందో చూసి, గుడ్లగూబలు ఇలాగే ఉంటాయని రాసుకోవడం లాంటిది. దీని మీద తర్వాత పరిశోధకుల మధ్య వాదనలు నడిచాయి, స్వభావానికి అసలు పాత్రే లేదని అందరూ ఒప్పుకోరు. నా మటుకు నాకు, స్టాండప్‌లో చూసిన మనుషుల వల్ల, లేమన్ వైపే మొగ్గు. 1993లో స్వీడన్ దీని మీద నిబంధనలే తెచ్చింది. మన దేశంలో లైంగిక వేధింపుల మీద 2013 చట్టం ఉంది. మామూలు వేధింపుల మీద ప్రత్యేక చట్టం లేదు.

సింగరేణిలో తర్వాత ఏమైంది? సమ్మెలు ఎంత పెరిగాయంటే ఒక్క 1991-92లోనే 475 అని లెక్క. రోజుకు ఒకటి కన్నా ఎక్కువ. నష్టాలతో కంపెనీ బీఐఎఫ్ఆర్ దాకా పోయింది. ఆ 475ను కొందరు క్రమశిక్షణ లేకపోవడానికి రుజువుగా చెప్తారు. నాకు అది వేరేలా కనిపిస్తుంది. ఫిర్యాదు చెప్పుకోవడానికి మధ్యలో ఒక చిన్న మెట్టు కూడా లేనప్పుడు, ప్రతి చిన్న ఫిర్యాదూ సమ్మె అవుతుంది. ఎందుకంటే 1998లో గుర్తింపు సంఘానికి రహస్య బ్యాలెట్ ఎన్నికలు పెట్టారు, ఏఐటీయూసీ గెలిచింది, ఆ తర్వాత సమ్మెలు బాగా తగ్గిపోయాయి. ఆ అయిదారేళ్లలో కార్మికుల గుణం మారిపోయిందా? వాళ్లే మనుషులు. మాట్లాడటానికి, వాళ్లు ఓటేసి ఎన్నుకున్న ఒక టేబుల్ వచ్చింది. అది ఒక్కటే కారణమని కాదు, సంస్కరణలు, ఉద్యోగాల కోత, పోలీసు అణచివేత కూడా ఉన్నాయి. యంత్రాలు వచ్చి తట్టా చెమ్మస్ పోయింది. లక్ష దాటి ఉన్న కార్మికులు ఇప్పుడు 40 వేల చుట్టుపక్కల ఉన్నారు.

ఇక ఇప్పటి సంగతి. ఈ వీడియో చూసేవాళ్లలో కొందరు కారుణ్య నియామకంలో బాయిలో చేరి ఉంటారు. నాయిన అన్‌ఫిట్ అయితే కొడుక్కి ఉద్యోగం. నాతో పాటు బీటెక్ చదివినవాళ్లు ఇవాళ బదిలీ వర్కర్లుగా అదే బాయిలో దిగుతున్నారు. చేతిలో డిగ్రీ, నెత్తిన క్యాప్‌ల్యాంప్. సర్టిఫికెట్ చదువుకు, చేసే పనికి మధ్య ఉన్న ఆ దూరాన్ని పక్కవాళ్లు రోజూ గుర్తుచేస్తారు. "ఇంజినీర్ సాబ్" అని వెటకారంగా పిలవడంతో మొదలవుతుంది. అయినా వాళ్లకు మస్టర్ ఉంది, సంఘం ఉంది. ఓపెన్‌కాస్ట్‌లలో మట్టి తీసే ప్రైవేట్ కాంట్రాక్ట్ కంపెనీల డ్రైవర్లకు అదీ గట్టిగా లేదు. "రేపటి నుంచి రావద్దు" అంటే ఎవరికి చెప్పుకోవాలి? వాళ్ల నాగాలు ఏ లెక్కలోనూ కనపడవు.

హైదరాబాద్‌లో ఉన్న మనకైతే ఇంకో తేడా ఉంది. బాయిలో పక్కవాడిని అంటే అందరికీ వినపడేది, ఎందుకంటే అందరూ ఒకే గాలి పీల్చేవాళ్లు, సాయంత్రం ఒకే కాలనీకి పోయేవాళ్లు. మనకు వచ్చే మాట ప్రైవేట్ చాట్‌లో వస్తుంది. పక్క సీటులో వాడికి కూడా తెలియదు. వాడికి కూడా అలాంటి మెసేజే వచ్చి ఉండొచ్చు, మనకు తెలియదు. పదిమంది అనే అంకె దాకా మనం చేరనే చేరం, ఎనిమిది రోజుల కోత పెట్టాల్సిన అవసరమే వాళ్లకు రాదు.

మీ ఇంట్లో తాతో, పెదనాయినో ఫిల్లర్‌గా చేసి ఉంటే ఒకసారి కూర్చోబెట్టి అడగండి, 1981లో ఆ 56 రోజులు ఇల్లు ఎలా గడిచిందని. కిరాణా కొట్టు ఉద్దెర ఎవరిచ్చారు, ఊరి నుంచి బియ్యం ఎవరు పంపారు, ఇవన్నీ. ఫోన్‌లో రికార్డ్ చేసి పెట్టుకోండి, వాళ్ల వయసు ఎనభై దాటుతోంది. వచ్చే ఎపిసోడ్‌లో సికాస గురించి మాట్లాడుకుందాం. ఉంటా మరి.